షార్జా గేర్‌బాక్సు, శంషాబాద్ కస్టమ్స్

ప్రశ్న: మాది హనుమకొండ. నా దగ్గర 2006 మోడల్ జపాన్ కంపెనీ కారు ఉంది, ఆటోమేటిక్. నాన్నగారు కొన్నది, అమ్మబుద్ధి కావడం లేదు. ఆరు నెలలుగా బండి వేడెక్కాక రెండో గేరు నుంచి మూడో గేరుకు మారేటప్పుడు కుదుపు వస్తోంది. ఒక్కోసారి ఇంజను రొద పెరుగుతుందే తప్ప బండి ముందుకు లాగదు. గేర్‌బాక్సు మొత్తం మార్చాలని ఆటోనగర్‌లో మా మెకానిక్ అన్నాడు. ఇక్కడ దొరకడం లేదు. మా బావమరిది షార్జాలో పనిచేస్తాడు. అక్కడ పాత విడిభాగాల దుకాణంలో ఇదే మోడల్ గేర్‌బాక్సు ప్యాకింగుతో కలిపి 2,000 దిర్హాంలకు ఇస్తామన్నారట. విమానంలో హైదరాబాద్ దాకా పంపడానికి 1,200 దిర్హాంలు అడిగారు. దీనికి కస్టమ్స్ ఎంత పడుతుంది? గిఫ్ట్ అని రాయిస్తే ఏమీ పడదని ఒకరు, బిల్లు 500 దిర్హాంలకు రాయించమని ఇంకొకరు, దుబాయితో ఒప్పందం ఉంది కాబట్టి అసలు సుంకమే లేదని మరొకరు చెబుతున్నారు. ఎవరి మాట నమ్మాలి?

సమాధానం: ఆ ముగ్గురిలో ఎవరి మాటా నమ్మవద్దు. మీ మెకానిక్ మాటను కూడా ఇంకా పూర్తిగా నమ్మవద్దు, దాని సంగతి తరువాత చెబుతాను. ఉత్తరాన్ని బట్టి మీరు ఇంకా డబ్బు కట్టలేదని అర్థమవుతోంది. ముందు బావమరిదికి ఫోను చేసి, ఆ దుకాణంలో బయానా ఇవ్వవద్దని చెప్పండి.

సుంకం ఎంత అని అడిగారు. దానికంటే ముందు తేల్చుకోవలసిన మాట ఒకటి ఉంది: అసలు ఆ వస్తువు దేశంలోకి రావచ్చా? మన విదేశీ వాణిజ్య విధానం వాడిన వస్తువులను రెండు రకాలుగా చూస్తుంది. ఉత్పత్తికో సేవలకో వాడే యంత్రాలు, పరికరాలు ఒక రకం. వాటిలో చాలావాటిని స్వేచ్ఛగా తెచ్చుకోవచ్చు. మిగిలిన వాడిన వస్తువులన్నీ రెండో రకం. అవి ఆంక్షల జాబితాలో ఉన్నాయి. తేవాలంటే విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీఎఫ్‌టీ, ఇచ్చే అనుమతి పత్రం కావాలి. ఇంట్లో వాడుకునే కారుకు పాత గేర్‌బాక్సు ఈ రెండో రకంలోకే వస్తుంది. సొంత కారుకు ఒక్క గేర్‌బాక్సు కోసం ఆ అనుమతి తెచ్చుకున్న మనిషిని నేనైతే చూడలేదు.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు పడతారు. చార్టర్డ్ ఇంజనీరు దగ్గర, ఈ భాగానికి ఇంకా 80 శాతం ఆయుష్షు మిగిలి ఉందని సర్టిఫికెట్ రాయించుకుంటే చాలని చెబుతారు. ఆ నిబంధన ఉన్నమాట నిజమే. అయితే అది ఉత్పత్తి యంత్రాల కోసం బాగుచేసి అమ్మే విడిభాగాలకు సంబంధించినది. మీ కారుకు అది వర్తించదు. ఆ సర్టిఫికెట్‌కు డబ్బు పోసి, సరుకు దిగాక లబోదిబోమన్నవాళ్లు ఉన్నారు.

అనుమతి లేకుండా వచ్చిన సరుకును శంషాబాద్ కార్గోలో తెరిచి చూశారనుకోండి. గేర్‌బాక్సు పాతదని కనిపెట్టడానికి ఇంజనీరు అక్కర్లేదు. దాని ఒంటి మీద నూనె మరక, బోల్టు తలల మీద పానా గీతలు చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. కస్టమ్స్ చట్టం 111వ సెక్షన్ కింద దాన్ని స్వాధీనం చేసుకోవచ్చు, 112 కింద జరిమానా వేయవచ్చు. 125 కింద విడుదల జరిమానా కట్టించుకుని వదిలిపెట్టే అవకాశం ఉంది, కానీ అది అధికారి నిర్ణయం. వదిలినా సుంకం మామూలుగా కట్టాల్సిందే. ఇదంతా తేలేదాకా గోదాము అద్దె రోజురోజుకూ పెరుగుతుంది. దిగిన 30 రోజుల్లో విడిపించుకోని సరుకును నోటీసు ఇచ్చి అమ్మేసే అధికారం కూడా చట్టంలో ఉంది.

అయినా సుంకం లెక్క చెబుతాను. కొత్త విడిభాగం తెప్పించినా ఇదే లెక్క, అది మీకు పనికొస్తుంది. లెక్క సులువు కోసం దిర్హాం 24 రూపాయలు అనుకుందాం. కస్టమ్స్ వాళ్లు బ్యాంకు రేటు కాకుండా తాము ప్రకటించిన రేటునే వాడతారు. 2,000 దిర్హాంలంటే 48,000 రూపాయలు. సుంకం ఈ ధర మీద ఒక్కదాని మీదే పడదు. దీనికి రవాణా ఖర్చు, బీమా కలిపిన మొత్తం మీద పడుతుంది. మీ విమానం ఖర్చు 28,800 రూపాయలు. ఇక్కడ మనకు మేలు చేసే నిబంధన ఒకటి ఉంది, చాలామంది ఏజెంట్లు దాన్ని చెప్పరు. విమానంలో వచ్చిన సరుకుకు రవాణా ఖర్చు ఎంతైనా, సుంకం లెక్కలో సరుకు ధరలో 20 శాతానికి మించి కలపకూడదు. అంటే 9,600 మాత్రమే కలుస్తుంది. బీమా ఎంతో తెలియకపోతే ధరలో 1.125 శాతం, అంటే 540 రూపాయలు కలుపుతారు. మొత్తం 58,140.

దీని మీద మూల సుంకం 15 శాతం, 8,721 రూపాయలు. ఆ సుంకం మీద పదో వంతు సాంఘిక సంక్షేమ సర్‌చార్జి, 872. ఈ మూడూ కలిపితే 67,733. దాని మీద ఐజీఎస్‌టీ, అంటే దిగుమతి సరుకు మీద పడే జీఎస్‌టీ, 18 శాతం, 12,192. మొత్తం ప్రభుత్వానికి కట్టేది 21,785 రూపాయలు, అంటే విలువలో 37.47 శాతం. 28 శాతం ఐజీఎస్‌టీతో లెక్క కట్టిన పాత పట్టికలు మీకు ఎవరైనా చూపిస్తే పక్కన పెట్టండి. కారు విడిభాగాలకు 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతమే. సుంకాలు బడ్జెట్‌లో మారుతుంటాయి కాబట్టి డబ్బు కట్టే ముందు కస్టమ్స్ వాళ్ల వెబ్‌సైటు ఐస్‌గేట్ పోర్టల్‌లో ఉన్న లెక్కల పేజీలో 8708 శీర్షిక, అంటే వాహన విడిభాగాల శీర్షిక, కింద ఒకసారి సరిచూసుకోండి.

ధర, విమానం, సుంకం కలిపితే 98,585 రూపాయలు. మన తరఫున కస్టమ్స్ పత్రాల పని చూసే బ్రోకరు ఫీజు, కార్గో టెర్మినల్ చార్జీలు, శంషాబాద్ నుంచి హనుమకొండకు ట్రాలీ కిరాయి ఇంకా కలపలేదు. అవి కలిస్తే లక్ష దాటుతుంది. లక్ష పెట్టి మీరు కొనేది ఎన్ని వేల కిలోమీటర్లు తిరిగిందో తెలియని, ఎడారి ఎండలో ఏళ్లపాటు మగ్గిన, ఆడించి చూడని గేర్‌బాక్సు. దానికి గ్యారంటీ ఇవ్వమని షార్జా దుకాణాన్ని హనుమకొండ నుంచి ఎలా నిలదీస్తారు?

ఇక మీ ముగ్గురు సలహాదారుల సంగతి. గిఫ్ట్ పేరుతో సుంకం లేకుండా తెప్పించుకునే వెసులుబాటు ఒకప్పుడు చిన్న మొత్తాలకు ఉండేది. 2019 డిసెంబర్‌లో దాన్ని తీసేశారు. రాఖీలు, ప్రాణాధార మందులు తప్ప మిగిలిన గిఫ్టులకు పూర్తి సుంకం కట్టాల్సిందే. కాబట్టి పెట్టె మీద గిఫ్ట్ అని రాయించడం వల్ల ఒరిగేదేమీ లేదు, అధికారికి అనుమానం కలిగించడం తప్ప.

బిల్లు 500 దిర్హాంలకు రాయించమన్న పెద్దమనిషి మాట వింటే సుంకంలో మీకు మిగిలేది 16,300 రూపాయలు. ఆ పదహారు వేల కోసం మీరు సంతకం పెట్టేది అబద్ధపు పత్రం మీద. ప్రకటించిన ధర మీద అనుమానం వస్తే దాన్ని తోసిపుచ్చి, అలాంటి సరుకుకు ఉన్న ధరను వాళ్లే లెక్క కట్టవచ్చు. అప్పుడు ఎగ్గొట్టిన సుంకంతో పాటు వడ్డీ, జరిమానా కట్టాలి.

దుబాయి ఒప్పందం మాట అర్ధసత్యం. భారత్, యూఏఈ మధ్య సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం 2022 మే 1 నుంచి అమల్లో ఉంది. దాని లాభం యూఏఈలో తయారైన సరుకుకే. అక్కడే తయారైందని పుట్టుక ధ్రువపత్రం కూడా ఉండాలి. జపాన్ కంపెనీ గేర్‌బాక్సు షార్జా రోడ్ల మీద పదిహేనేళ్లు తిరిగినంత మాత్రాన యూఏఈ సరుకు అయిపోదు.

మీరు రాయలేదు గానీ, నాలుగో సలహా కూడా మీ చెవిన పడే ఉంటుంది. కార్గో పెట్టెలో పడేసి పంపించమని. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు ఏ ఊరికి వెళ్లినా ఆ పెట్టెలు కనిపిస్తాయి. తాడుతో బిగించి కట్టి, మార్కరుతో పేరు, ఊరు, ఫోను నంబరు రాసిన అట్టపెట్టెలు. లోపల దుప్పట్లు, పాలపొడి డబ్బాలు, పిల్లల బట్టలు, సబ్బులు. ఎడారిలో రెండేళ్లు కష్టపడిన మనిషి ఇంటికి పంపుకునే ప్రేమ అది. ఆ సరుకుల మధ్య ఎనభై కిలోల పాత గేర్‌బాక్సు దూర్చితే, అది పట్టుబడిన రోజు మీ పెట్టె ఒక్కటే ఆగదు, దానితో కలిసి వచ్చిన పదిమంది పెట్టెలూ ఆగుతాయి. పత్రాల మీద ఉండేది మీ బావమరిది పేరు, అతని పాస్‌పోర్టు నంబరు. జవాబు చెప్పుకోవలసింది అతను. అక్కడ ఉద్యోగం చేసుకుంటున్న మనిషిని మన కారు కోసం ఈ చిక్కులోకి లాగవద్దని చేతులు జోడించి అడుగుతున్నాను.

రవాణా ఖర్చు గురించి కూడా నాలుగు మాటలు చెప్పాలి, ఎందుకంటే సుంకం కన్నా ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. విమానంలో పంపేవాళ్లు అసలు బరువు, పెట్టె కొలతల బరువు రెండూ చూసి ఏది ఎక్కువైతే దానికి డబ్బు తీసుకుంటారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి, కొరియర్ అయితే 5,000తో, విమాన కార్గో అయితే 6,000తో భాగిస్తారు. గేర్‌బాక్సు గుండులాంటి సరుకు కాబట్టి దానికి అసలు బరువే లెక్కకు వస్తుంది. అదే బంపరు తీసుకోండి. ఒక్క చేత్తో ఎత్తవచ్చు, ఆరేడు కిలోలు ఉంటుంది. కానీ దాని పెట్టె 170 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు, 50 ఎత్తు ఉంటే కొరియర్ లెక్కలో అది 102 కిలోలు! బంపరు ధర చౌకగా ఉందని సంబరపడి, పంపే ఖర్చు విని నోరు తెరిచినవాళ్లను చాలామందిని చూశాను.

ఓడలో చౌక అని ఎవరైనా అంటే, ఎక్కడిదాకా చౌక అని అడగండి. కొన్నేళ్ల కింద మా తమ్ముడి వ్యాను కోసం జపాన్ నుంచి కొత్త లైట్లు, అద్దాలు ఓడలో తెప్పించాను. చిన్న సరుకు కాబట్టి వేరేవాళ్ల సరుకుతో కలిపి ఒకే కంటెయినర్‌లో వేశారు. అలాంటప్పుడు ఒక ఘనపు మీటరు కనీస లెక్క, మన పెట్టె అందులో సగమే ఉన్నా సరే. ఏజెంటు చెప్పిన ఓడ కిరాయి చూసి ఇంత తక్కువా అనుకున్నాను. సరుకు దిగాక డెలివరీ ఆర్డరు ఫీజు, కంటెయినర్ విప్పే చార్జి, పత్రాల చార్జి అని వరుసగా బిల్లులు వచ్చాయి. అన్నీ కలిపితే కిరాయికి నాలుగు రెట్లు. అవి కట్టందే సరుకు ఇవ్వరు. అక్కడ కిరాయి తగ్గించి ఇక్కడ పిండుకోవడం ఈ వ్యాపారంలో మామూలేనని నాకు అప్పుడు తెలిసింది. ఆ రోజు నుంచి ఎవరు అడిగినా ఒకటే చెబుతున్నాను. సరుకు బయలుదేరక ముందే, దిగే చోట పడే ప్రతి చార్జీ పేరు, మొత్తం రాసి పంపమని ఏజెంటును అడగండి. రాసి ఇవ్వనివాడితో పని పెట్టుకోవద్దు.

సముద్రం మీద వచ్చే సరుకు మనకు ఎక్కువగా నవా షేవాలోనో చెన్నైలోనో దిగి, సనత్‌నగర్ లేదా తిమ్మాపూర్ కంటెయినర్ డిపోకు చేరుతుంది. బిల్ ఆఫ్ ఎంట్రీ, అంటే దిగుమతి సరుకు వివరాలు కస్టమ్స్‌కు ఇచ్చే పత్రం, సరుకు రాకముందు రోజుకల్లా దాఖలు కావాలి. ఆలస్యమైతే మొదటి మూడు రోజులు రోజుకు 5,000, ఆ తరువాత రోజుకు 10,000 రూపాయలు. అందుకే బ్రోకరును సరుకు వచ్చాక వెతుక్కోకూడదు. చెక్కపెట్టెలో వస్తే ఆ చెక్క మీద గోధుమ కంకి బొమ్మ ఉన్న ముద్ర ఉందో లేదో పంపేవాళ్లను ముందే ఫోటో తీసి పెట్టమనండి. పురుగు పట్టకుండా వేడి చేసిన లేదా మందు పొగ పట్టించిన చెక్క అనడానికి అది గుర్తు. ఆ ముద్ర లేకపోతే లోపల ఏ సరుకున్నా పెట్టె దగ్గరే పేచీ మొదలవుతుంది.

ఇప్పుడు మీ మెకానిక్ మాట. గేర్‌బాక్సు మార్చాలని అతను చెప్పాడు, విప్పి చూసి చెప్పాడా? మీ ఉత్తరంలో ఆ మాట లేదు. వేడెక్కాకే కుదుపు వస్తోందని మీరు రాశారు. చల్లగా ఉన్నప్పుడు బాగానే నడుస్తోందంటే లోపలి పళ్లచక్రాలు విరిగి ఉండే అవకాశం తక్కువ. నూనె పాతబడి ఉండవచ్చు, తగని నూనె పోసి ఉండవచ్చు, నూనెను దారి మళ్లించే సోలినాయిడ్ అనే చిన్న విద్యుత్ మీట మొరాయించి ఉండవచ్చు, క్లచ్ ప్లేట్లు అరిగి ఉండవచ్చు. వీటిలో దేనికీ గేర్‌బాక్సు మొత్తం మార్చనక్కర్లేదు.

ఒక పని చేయండి. బండి కాస్త చల్లారాక, మీరు దగ్గరుండి గేర్‌బాక్సు నూనె తీయించండి. తెల్లటి డబ్బాలో పట్టించండి, రంగు కనబడాలి. మంచి నూనె ఎర్రగా, పలుచగా ఉంటుంది. ముదురు గోధుమ రంగులోకి మారి, మాడిన అన్నం వాసన వస్తుంటే క్లచ్ ప్లేట్లు కాలుతున్నాయని అర్థం. చాలా బండ్లలో నూనె తీసే బోల్టు చివర గానీ, నూనె తొట్టి అడుగున గానీ అయస్కాంతం ఉంటుంది. దాన్ని గుడ్డతో తుడిచేయకముందే మీ చేతిలోకి తీసుకుని చూడండి. కాటుకలాంటి మెత్తటి బూడిద రంగు పేస్టు అంటుకుని ఉంటే భయపడనక్కర్లేదు, అది అన్ని బండ్లలోనూ ఉండే అరుగుదల. వేళ్ల మధ్య రుద్దితే గుచ్చుకునే మెరిసే రజను, రేకు ముక్కలు ఉంటేనే లోపల పెద్ద దెబ్బ తగిలినట్టు.

పెద్ద దెబ్బ లేకపోతే మీకు కావలసింది ఓవర్‌హాల్ కిట్. అందులో క్లచ్ ప్లేట్లు, సీళ్లు, రబ్బరు రింగులు, ఫిల్టరు ఉంటాయి. అది కొత్త సరుకు కాబట్టి పాత సామాన్ల ఆంక్ష దానికి లేదు. వ్యాపారానికి కాకుండా సొంత వాడకానికి తెప్పించుకుంటే ఎగుమతి దిగుమతి కోడ్ కూడా అక్కర్లేదు, మీ గుర్తింపు పత్రాలు చాలు. బావమరిది చేయగల సాయం ఇక్కడ ఉంది. షార్జాలో కొత్త విడిభాగాల దుకాణాలకూ కొదవ లేదు. ఉదాహరణకు కిట్ 900 దిర్హాంలు, కొరియర్ 200 దిర్హాంలు అనుకోండి. ధర 21,600, కొరియర్ 4,800. ఇందాకటి లెక్కనే వేస్తే సుంకం సుమారు 9,800. అంతా కలిపి 36,200 దగ్గర తేలుతుంది. కొరియర్ వాళ్లు ఒక్కోసారి దీన్ని 8708 కింద కాకుండా సొంత వాడకం సరుకుల శీర్షిక కింద చూపిస్తారు, అక్కడ సుంకం రేటు వేరు. ఏ శీర్షిక కింద వేస్తారో, తమ ఫీజు ఎంతో ముందే అడిగి తెలుసుకోండి. బిల్లు అసలు ధరకే, మీ పేరు మీదే ఉండాలి.

కిట్ కొనేముందు గేర్‌బాక్సు ఒంటి మీద రేకు ముక్కపై గుద్దిన అంకెలు, అక్షరాలు ఫోటో తీసి పంపండి. కారు మోడల్ పేరు చెబితే చాలదు. ఒకే పేరుతో గల్ఫ్‌లో అమ్మిన బండికి పెద్ద ఇంజను, వేరే గేర్‌బాక్సు ఉండవచ్చు. ఇంకో తేడా కూడా గుర్తుంచుకోండి. యూఏఈలో స్టీరింగు ఎడమవైపు. రేపు ఎప్పుడైనా హెడ్‌లైట్లు చౌకగా వచ్చాయని అక్కడి నుంచి తెప్పిస్తే, వాటి వెలుగు మన రోడ్డు మీద ఎదురుగా వచ్చేవాడి కళ్లలోకి కొడుతుంది. లైట్ల వంటివి తేవాలంటే మనలాగే కుడివైపు స్టీరింగు ఉన్న జపాన్ నుంచి తేవడం మేలు.

రజను కనిపించి, గేర్‌బాక్సు మార్చక తప్పదని తేలితే దేశంలోనే వెతకండి. చెన్నైలో పుదుపేట, ఢిల్లీలో మాయాపురి పాత విడిభాగాలకు పేరుపడ్డ చోట్లు. ఏ బండి నుంచి తీశారో ఆ బండి నంబరుతో సహా బిల్లు ఇచ్చే దుకాణంలోనే కొనండి, దొంగ సొమ్ము మీ ఇంటికి రాకూడదు కదా. 2021 నిబంధనల కింద రిజిస్టరైన వాహన తుక్కు కేంద్రాల్లో కూడా అడిగి చూడండి. లారీలో వరంగల్ చేరుతుంది, కస్టమ్స్ ఊసే ఉండదు. అమర్చాక పనిచేయకపోతే వెనక్కి తీసుకుంటామని బిల్లు మీదే రాయించుకోవచ్చు.

నాన్నగారు కొన్న కారు అని రాశారు. అమ్మబుద్ధి కాకపోవడం నాకు అర్థమవుతుంది, మా ఇంట్లోనూ అలాంటి స్కూటరు ఒకటి ఉంది. నూనె తీయించిన రోజు ఆ డబ్బా ఫోటో, అయస్కాంతం బోల్టు ఫోటో, గేర్‌బాక్సు మీది అంకెల ఫోటో పంపండి. ఏ కిట్ అడగాలో బావమరిదికి రాసి పంపేలా వివరంగా జవాబిస్తాను.